ఊబకాయం లెక్కకు బీఎంఐ మేలా, నడుము–తుంటి నిష్పత్తా?

రాష్ట్రాలను ఏళ్ల తరబడి పోల్చాలంటే బీఎంఐనే పట్టుకోవాలి. కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 25, ఆపైన ఉంటే అధిక బరువు లేదా ఊబకాయం. దేశంలో ఇలాంటి మహిళలు 2015–16లో 20.6 శాతం, 2019–21లో 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 33.2 నుంచి 36.3కు చేరారు. అదే రాష్ట్రంలో పురుషుల శాతం 33.5 నుంచి 31.1కి తగ్గినట్టు కనిపిస్తుంది. దీన్ని చూసి సంబరపడకూడదు. సర్వేలో పురుషుల నమూనా మహిళలకన్నా చాలా చిన్నది, 2.4 శాతం పాయింట్ల తేడా నమూనా ఊగిసలాటే కావచ్చు. ఇక మహిళల లెక్కలోంచి గర్భిణులనూ, గత రెండు నెలల్లో ప్రసవించినవారినీ తీసేస్తారు. సొంతంగా లెక్కలు వేసేవారు ఈ మినహాయింపు మరచిపోతే అంకెలు కలవవు.

బీఎంఐకి పొట్ట కనపడదు. మనవాళ్లలో సన్నటి కాళ్లూ చేతులతో పొట్ట పెరిగినవారు ఎక్కువ, మధుమేహం ముప్పు అక్కడే. నడుము చుట్టుకొలతను తుంటి చుట్టుకొలతతో భాగిస్తే వచ్చే నడుము–తుంటి నిష్పత్తి దాన్ని పట్టిస్తుంది. మహిళలకు 0.85, పురుషులకు 0.90, ఆపైన ఉంటే ప్రమాదం. 2019–21లో దేశంలో 56.7 శాతం మహిళలు ఈ గీత దాటారు, అంటే బీఎంఐ చూపినదానికి రెట్టింపుకు పైనే.

చిక్కల్లా కొలతలోనే. నడుము కొలతకు చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక టేపు పెట్టాలి. చీర కుచ్చిళ్ల మీద కొలిస్తే అంకె పెరుగుతుంది. 2015–16లో ఈ కొలత తీసుకోలేదు కాబట్టి పాత ధోరణి దీంతో తెలియదు.