గుడి ముంగిట టచ్ కియోస్క్: ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేమా, కెపాసిటివ్ గాజా?

పాలంపేట రామప్ప గుడి ముంగిలి లాంటి ఆరుబయట 43 అంగుళాల కియోస్క్ (తాకితే సమాచారం చూపే తెర) పెట్టాలంటే మొదటి తగవు టచ్ దగ్గరే. తెర అంచుల నుంచి కంటికి కనిపించని కిరణాలు పంపే ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేమ్ చవక. కిరణానికి ఏది అడ్డొచ్చినా, గ్లవ్స్ వేలైనా, పెన్నైనా పలుకుతుంది. చిక్కూ అక్కడే: రాత్రి వెలుగుకి చేరే పురుగులు, అంచున పేరుకున్న దుమ్ము కూడా దానికి వేళ్ళే! ఏటవాలు ఎండ నేరుగా పడితే ఆ కిరణాలను అందుకునే రిసీవర్లు తికమకపడతాయి. రోజూ అంచులు తుడిచే మనిషి ఉంటేనే, అదీ వరండా లోపలైతేనే తీసుకోండి.

కెపాసిటివ్‌లో వేలి విద్యుత్ ప్రభావాన్ని పసిగట్టే సెన్సర్ గాజు వెనక దాగుంటుంది కాబట్టి దుమ్ము బాధ తక్కువ. ముందు 6 మి.మీ. టఫెన్డ్ గాజు వేస్తే కంట్రోలర్‌ని (స్పర్శను గుర్తించే చిప్‌ని) ఆ మందానికి తగ్గట్టు ట్యూన్ చేయించాలి. వాన చినుకులకు తడబడుతుంది, పైన చూరు తప్పదు. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎవరూ ముట్టకుండానే మెనూలు తెరుచుకుంటాయి. తెర మార్చేముందు ఎర్త్ వైరు చూడండి. ఆరుబయటకు మా ఓటు దీనికే.