పాత డస్టర్ ఏడబ్ల్యూడీ: నల్లరేగడి బాట మీద రెండు వానకాలాలు

మా చేను పరకాల అవతల. తారు రోడ్డు కాడినుంచి కిలోమీటరున్నర బండ్ల బాట, అంతా నల్లరేగడి. ఎండకాలం ఏ కారైనా పోతది. రెండు వానలు పడ్డయంటే ట్రాక్టరు తప్ప ఏదీ కదలదు. బాపుకు మోకాళ్ల నొప్పులు, అయినా పత్తి చూడనిదే ఉండలేడు. అందుకే నాలుగు చక్రాలకు పవరొచ్చే డీజిల్ బండి కోసం తిరిగిన. పెద్ద జీపులు చూపిస్తే కాలెత్తి ఎక్కలేకపోయిండు. డస్టర్ సీటు ఆయనకు సరిగ్గ సరిపోయింది.

రెనో ఈ ఏడబ్ల్యూడీని (ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ పవరొచ్చే డస్టర్‌ను) మన దగ్గర 2014లో తెచ్చింది. 1.5 లీటర్ల డీజిల్, 110 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్. మామూలు డస్టర్లు దండిగ ఉన్నయి, ఇది మాత్రం ఐదు నెలలు వెతికితే గాని దొరకలే.

మొదటి బండి హనుమకొండల చూసిన. పెయింటు మెరుస్తున్నది. వంగి చూస్తే ముందు టైర్లు కొత్తవి, వెనుకవి నున్నగ అరిగినయి. అక్కడికక్కడే వద్దనుకున్న. టైర్లల్ల అంత తేడా ఉంటే ముందు, వెనుక చక్రాలు ఒక్క లెక్క తిరగయి. వెనుకకు పవర్ పంపే కప్లింగ్ మీద ఎప్పుడూ భారం పడుతనే ఉంటది. ఇది తెలువక పైసలు మిగులుతయని రెండు రెండు టైర్లు మార్చేటోళ్లు మస్తుమంది. ఏడబ్ల్యూడీ కొనేటోళ్లు పెయింటు తర్వాత చూడున్రి, ముందు టైర్లు చూడున్రి.

కరీంనగర్‌ల దొరికింది 2016 మోడల్, 82 వేల కిలోమీటర్లు, ఒక్కటే చెయ్యి. మట్టి గ్రౌండుల, పవర్ ఏ చక్రాలకు పోవాల్నో ఎంచుకునే నాబ్‌ను ‘లాక్’ల (వెనుక చక్రాలకు గూడ పవర్ పోతనే ఉండేటట్టు) పెట్టి, స్టీరింగ్ పూర్తిగ తిప్పి మెల్లగ నడిపిన. ఎవరో వెనుకనుంచి పట్టుకున్నట్టు బిగిసి బిగిసి కదిలింది. వెనుక చక్రాలకు పవర్ పోతున్నదని అట్ల తెలిసింది. (ఎండిన తారు రోడ్డు మీద ఈ పని చెయ్యొద్దు.) సర్వీసు బిల్లులన్నీ ఉన్నయి, టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు మాత్రం లేదు. ఆ మాట మీద పదిహేను వేలు తగ్గింది, 5 లక్షల 30 వేలకు ఖాయమైంది. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉండె; అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 తెచ్చినంకనే మిగతా పైసలిచ్చిన.

ముందుగాల బెల్టు, వాటర్ పంపు, వెనుక డిఫరెన్షియల్‌తో సహా అన్ని ఆయిళ్లు మార్పించిన: 27 వేలు. తర్వాత కంపెనీ సైజు 215/65 ఆర్16లనే నాలుగు ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ, మట్టి బాటకూ పనికొచ్చే) టైర్లు, ఇంజను కింద ఇనుప ప్లేటు. బండిని ఎత్తు చేయిద్దామన్నరు, నేను ఒప్పుకోలే. నేలకూ బండి అడుగుకూ నడుమ 210 మిల్లీమీటర్ల క్లియరెన్సు మా బాటకు చాలు. పైగా ఆర్సీల ఉన్నదానికి తేడా వచ్చే మార్పులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, రేపు ఏమన్నయితే ఇన్సూరెన్సోళ్లు అదే అడుగుతరు. లైట్ల కాడ మాత్రం దెబ్బతిన్న. ఒక షాపుల రిలే (ఎక్కువ కరెంటును మోసే స్విచ్చు) పెట్టకుండనే ఎక్కువ వాట్ల బల్బులేసిన్రు, పదిహేను రోజులల్ల హోల్డరు కరిగింది. మళ్ల పాత బల్బులకే వచ్చిన.

ఇగ బురద సంగతి. మొదటి వానకాలం చేన్లకు పోయేటప్పుడు సగం బాటల ఆగిపోయింది. రేగడి టైరు గాడులల్ల నిండితే ఎంత మంచి టైరైనా బోడిదైతది. పక్క చేనాయన ట్రాక్టరుతోని గుంజిండు. ఆ తర్వాత టైర్ల గాలి 33 పీఎస్ఐ నుంచి 22కు దించి, ‘లాక్’ల పెట్టి, సెకండ్ గేరుల ఆగకుండ పోవుడు నేర్చుకున్న. ఫస్ట్ గేరు మరీ పొట్టిది, బురదల చక్రాలు ఊరికె గిర్రున తిరుగుతయి. బయటికొచ్చినంక గాలి కొట్టుకునే పంపు డిక్కీలనే ఉంటది. నిరుటి నుంచి ఒక్కసారి గూడ ట్రాక్టరును పిలువలే.

మేడారం, లక్నవరం, బొగత తిరిగొచ్చినం. తాడ్వాయి అడవిల గుంతలను ఈ సస్పెన్షన్ మింగేస్తది, మా అమ్మ వెనుక సీట్ల నిద్రపోయింది. కొత్త టైర్లతోని చప్పుడు పెరిగింది, మైలేజి 16 నుంచి 14కు పడ్డది. డిక్కీ మామూలు డస్టర్ కంటె చిన్నది, రెండు యూరియా బస్తాలు, పిల్లల బ్యాగులు పెడితే నిండుతది. పార్టులు కొన్నిటికి హైదరాబాద్ నుంచి మూడు నాలుగు రోజులు ఆగాలె.

ఇప్పుడు వెనుక ఎడమ షాకబ్జర్వర్ నూనె కారుతున్నది. పత్తి ఏరుడు మొదలు కాకముందే రెండు దిక్కులవీ మార్పిస్త.