పచ్చిపులుసుకు ఆగిన బంగారు చెంచాలు, ఆగనివి

హనుమకొండలో మా ఇంట్లో బంగారు రంగు చెంచాల సెట్లు రెండున్నాయి. ఒకటి గృహప్రవేశానికి చుట్టాలు పెట్టిన ఇత్తడి సెట్టు. 24 క్యారెట్ల బంగారు పూత అని డబ్బా మీద ఉంది. రెండోది మేం కొనుక్కున్న స్టీలు సెట్టు. కొన్నేళ్లుగా రెండూ వాడుతున్నాం. కొత్తలో పక్కపక్కన పెడితే ఇత్తడివే నిండుగా, బరువుగా కనిపించేవి. ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే బయటికి తీసేది స్టీలువే.

ఇత్తడి సెట్టుకు పూత అంతా ఒకేసారి పోలేదు. మొదట చెంచా బోర్లిస్తే కనబడే ఉబ్బు దగ్గర పోయింది, టేబుల్‌కు ఆనేది అక్కడే కదా. తర్వాత కంచానికి గీరుకునే కొస, ఫోర్కు పళ్ల చివర్లు. అరిగిన చోట ముందు వెండిలా తెల్లగా మెరిసింది. అది ఇత్తడికీ బంగారానికీ మధ్య వేసే నికెల్ పొర. అదీ అరిగాక ఇత్తడి బయటపడింది, పచ్చిపులుసు తాగితే నాలుకకు చిలుము రుచి తగలడం మొదలైంది. బంగారానికి చిలుము పట్టదు, పట్టేది కిందున్న ఇత్తడికే. ఇత్తడి గిన్నెలకు పెద్దవాళ్లు కళాయి ఎందుకు పెట్టించేవాళ్లో తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పూత పోయినవి పక్కన పెట్టేశాం. బాగున్నవి డబుల్ కా మీఠాకు, పాయసానికి మాత్రమే.

"కరిగిస్తే ఎంతొస్తది బిడ్డా?" అని అత్తమ్మ అడిగింది. లెక్క వేస్తే నవ్వొచ్చింది. పూత మందం 0.2 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) అనుకుంటే పెద్ద చెంచా మొత్తం మీద పట్టే బంగారం పాతిక మిల్లీగ్రాములకు అటూ ఇటూ, అంటే ఒక బియ్యపు గింజ బరువు. పూత సామానుకు హాల్‌మార్కు కూడా ఉండదు. కాబట్టి "24 క్యారెట్లు" అన్న మాటకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఆ మాట బంగారం ఎంత స్వచ్ఛమో చెబుతుంది గానీ, పూత ఎంత మందమో చెప్పదు.

స్టీలు సెట్టు సంగతి వేరు. దాని మీద బంగారమే లేదు. గాలి తీసేసిన గదిలో టైటానియంను నైట్రోజన్‌తో కలిపి స్టీలు మీద పొరగా పట్టిస్తారు. పీవీడీ అంటారు. డ్రిల్ బిట్ల మీద కనిపించే పసుపు రంగు కూడా ఇదే. ఇనుముకు రంధ్రాలు పెట్టే చోట ఆగేది చెంచా మీద ఆగదా? మా ఇంట్లో పులుసు, నిమ్మకాయ, మామిడికాయ పచ్చడి అన్నీ చూసింది, రంగు తగ్గలేదు. గీతలు మాత్రం పడ్డాయి. అవి బోళ్లు తోమే అక్క స్టీలు పీచు వాడిన రోజులవి. మెత్తటి స్పాంజి తెచ్చి సింకు దగ్గర పెట్టాక కొత్త గీతలు లేవు.

అసలు విసుగు బోరు నీళ్లతోనే. కడిగి అలాగే ఆరబెడితే తెల్ల చుక్కలు పడతాయి, అద్దంలా మెరిసే వాటి మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. వెంటనే పొడిగుడ్డతో తుడవాల్సిందే. అంత ఓపిక లేనివాళ్లు మ్యాట్ ఫినిష్ తీసుకోండి, వేలిముద్రలు కూడా అంతగా కనబడవు. రెండు రకాలూ మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. ఇత్తడివి డిష్‌వాషర్‌లోనూ వద్దు.

కొనడానికి వెళ్తే చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి. 18/10 (18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్) స్టీలు చెంచాకు అది గట్టిగా అతుక్కోదు, నికెల్ లేని 18/0కు అతుక్కుంటుంది. కత్తికి అతుక్కుంటే కంగారు పడొద్దు, పదును నిలవడానికి మంచి సెట్లలో కూడా దానికి వేరే స్టీలు వాడతారు. ఫోర్కు పళ్ల సందుల్లోకి గోరు పోనిచ్చి చూడండి. గరుకుగా తగిలితే పాలిష్ సరిగా చేయలేదన్నమాట, అక్కడి పూత కూడా అంతంతమాత్రమే. డబ్బా మీద "గోల్డ్ కలర్" అని మాత్రమే ఉండి పీవీడీ అన్న మాట లేకపోతే నేనైతే కొనను.

ఫోర్కులు, కత్తులు మా ఇంట్లో డబ్బా దాటి వచ్చింది తక్కువ. అన్నం చేత్తోనే తింటాం, బిర్యానీకి కూడా. అరిగేవి, పోయేవి చిన్న చెంచాలే. దొరికితే అవి విడిగా అరడజను ఎక్కువ కొనుక్కోండి, అదీ మొదటిసారే. తర్వాత అదే కంపెనీవి తెప్పించినా మావి కొంచెం ఎర్రగా వచ్చాయి, పాతవాటి పక్కన పెడితే తేడా ఇట్టే తెలిసిపోతోంది.