లంబసింగి మంచు, కృష్ణదేవిపేట బంతిదండ

నర్సీపట్నంలో కారు మాట్లాడుకున్నప్పుడే మూడు చోట్లూ చెప్పాం: లంబసింగి, చింతపల్లి, తిరుగుదారిలో కృష్ణదేవిపేట. 4,500 రూపాయలకు డ్రైవరు ఒప్పుకున్నాడు. అల్లూరి సీతారామరాజు సమాధికి వెయ్యాలని నాన్నగారు 60 రూపాయలకు బంతిపూల దండ కొని, తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

లంబసింగిలో మంచు బాగుంది. గుడారానికి 1,800, బకెట్ వేడినీళ్లకు మరో 50. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు నాన్నగారు చెప్పిన మాటే మనసులో ఉండిపోయింది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన రోజుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు చెప్పిన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అటవీ చట్టాలతో అప్పటికే పోడు సాగు పోయింది. ఆ కడుపుమంటే 1922లో మన్యాన్ని లేపింది. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి, పట్టుకెళ్తున్న తుపాకులూ తూటాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి మరీ సంతకం పెట్టాడు రాజు. చింతపల్లిలో నాన్నగారు రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడితే డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

దిగేటప్పుడు కారు తిన్నగా నర్సీపట్నమే తెచ్చాడు. అడిగితే, "అక్కడ చూడటానికి ఏముందండీ, సమాధే కదా. వెళ్లాలంటే ఇంకో 1,500 అవుతుంది" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా మొత్తం డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. నాన్నగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పొద్దున్నే 800 రూపాయలకు ఆటో మాట్లాడాను. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టి కాల్చిచంపిన ఆ మనిషికి 27 ఏళ్లు నిండలేదు. సమాధి ముందు నాన్నగారు గుడ్డ విప్పితే దండ సగం నల్లబడి ఉంది. వాడిన పూలు ఒక్కొక్కటే తుంచి జేబులో వేసుకుని, మిగిలిన దండ వేశారు. ఆటో అబ్బాయి చెప్పులు విప్పి మా వెనకే నిలబడ్డాడు. గంట ఆగినందుకు పైసా అదనంగా అడగలేదు.

మీరు వెళ్తే ముందు కృష్ణదేవిపేట చూపించమనండి, కొండ తర్వాత ఎక్కవచ్చు. సగం డబ్బు చివరిదాకా చేతిలోనే ఉంచుకోండి.

తిరిగొచ్చాక నాన్నగారు రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నారు.