హైవే మీద గ్రాండ్ ప్రి 5000: ముందు చక్రానికి సరే, వెనక చక్రానికి లెక్క వేసుకోండి

రోడ్ సైకిల్‌తో పాటు వచ్చిన టైర్లు అరిగిపోయాక, తర్వాత ఏం వేయించాలని ఎవరిని అడిగినా ముందుగా వచ్చే పేరు కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000. 2018లో వచ్చింది. అంతకు ముందున్న 4000 రకంతో పోలిస్తే దొర్లడంలో 12 శాతం తక్కువ నష్టం, పంక్చర్ల నుంచి 20 శాతం ఎక్కువ రక్షణ అని కంపెనీ చెప్పుకుంది. ఇక్కడ చూస్తున్నది ట్యూబు వేసుకునే మామూలు క్లించర్, 700 సైజు, 28 మి.మీ. వెడల్పు. ట్యూబ్‌లెస్ రకం సంగతి వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.

ముందే చెప్పేస్తే: పరుగు బాగుంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఇంకా బాగుంటుంది. కానీ లారీలు తిరిగే హైవే షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) మీద దీన్ని వెనక చక్రానికి వేస్తే డబ్బూ తింటుంది, టైమూ తింటుంది. ముందు చక్రానికి మాత్రం కళ్లు మూసుకుని వేసుకోవచ్చు.

28 మి.మీ. టైరు బరువు కంపెనీ లెక్కలో 235 గ్రాములు. పక్కన 3/330 టీపీఐ (అంగుళానికి దారాల లెక్క) అని రాసి ఉంటుంది. 330 అనగానే చాలామంది అంత సన్నని నేత అనుకుంటారు. కాదు. అంగుళానికి 110 దారాలున్న గుడ్డ మూడు పొరలుగా మడతపడుతుంది, మూడూ కలిపితే 330. ఆ మూడు పొరలూ ఉండేది నేలకు తగిలే భాగం కిందే. దాని మీద, రబ్బరు కింద, వెక్ట్రాన్ అనే దారంతో నేసిన పలుచటి పట్టీ ఉంటుంది. ముల్లు, గాజుపెంకు లోపలికి దిగకుండా అడ్డుకునేది అదే. ఆ పట్టీ పక్కలకు రాదు. అందుకే సైడ్ వాల్ ఈ టైరుకు బలహీన స్థానం. అంచు పదునుగా ఉన్న రాయి పక్కనుంచి గీరితే చీలిపోతుంది, చీలిందంటే ఇక ఆ టైరుతో పని అయిపోయినట్టే.

ఇక హైవే విషయం. ఊళ్లో పంక్చర్‌కు కారణం ముల్లో, మేకో, గాజో అయి ఉంటుంది. హైవే షోల్డర్ మీద అసలు శత్రువు లారీ టైరు. పేలిన లారీ టైరు ముక్కల్లోంచి స్టీలు తీగలు విడిపోయి రోడ్డంతా రాలతాయి. ఒక్కోటీ తల వెంట్రుక కన్నా కాస్త లావు, పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. వెక్ట్రాన్ పట్టీ గాజుకు బాగా అడ్డుపడుతుంది, ఎందుకంటే గాజు లోపలికి దిగాలంటే దారాన్ని కోయాలి. తీగ ఏదీ కోయదు, రెండు దారాల సందులోంచి దూరిపోతుంది. చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఇంకొంచెం లోపలికి దిగి, ఏ పదో కిలోమీటరు దగ్గరో ట్యూబును తాకుతుంది. ఇలాంటి పంక్చర్‌లో గాలి ఒక్కసారిగా పోదు. వెనక చక్రం మెత్తబడినట్టు, సైకిల్ వంపుల్లో కాస్త ఈదినట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తే తొక్కుతూ పోకుండా ఆగి వేలితో నొక్కి చూడాలి.

ట్యూబు విప్పి బొక్క ఎక్కడుందో చూస్తే కారణం అదే చెబుతుంది. బయటి వైపు ఒకే సన్నటి బొక్క అయితే తీగ లేదా ముల్లు. పక్కపక్కనే రెండు గాట్లు ఉంటే గాలి తక్కువై, గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగినట్టు. లోపలి వైపు బొక్క ఉంటే రిమ్ టేపు జరిగిపోయి స్పోకు రంధ్రం దగ్గర కోసుకున్నట్టు. వాల్వు మొదట్లో చిరిగితే పంపు కొట్టేటప్పుడు వాల్వును అటూ ఇటూ ఊపి ఉంటారు. టైరు ఎక్కించేటప్పుడే దాని మీది పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టుకుంటే, ట్యూబులో బొక్క వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిచి టైరులోనూ అక్కడే వెతకొచ్చు. ఈ చిన్న పని చెయ్యనివాళ్లు ఎండలో నిలబడి టైరంతా తడుముకుంటారు.

తీగను వెతికేటప్పుడు ఉత్త వేలు పెట్టొద్దు, గుచ్చుకుంటుంది. టైరు లోపల పలుచటి గుడ్డతో నెమ్మదిగా తుడవండి, దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ ఉన్నట్టు. తల బయటికి కనిపించదు కాబట్టి ఆ చోట టైరును వెనక్కి వంచి చిన్న ట్వీజర్స్‌తో పీకాలి. పీకకుండా కొత్త ట్యూబు వేస్తే ఆ ట్యూబు కూడా కొద్ది దూరంలోనే పోతుంది. హైవే మీదకు వెళ్లేవాళ్ల సీటు కింది సంచిలో రెండు ట్యూబులు, టైరు విప్పే లివర్లు, పంపుతో పాటు ట్వీజర్స్ కూడా ఉండాలనడానికి కారణం ఇదే. పంపు బదులు 16 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కార్ట్రిడ్జి వాడితే గాలి ఇట్టే ఎక్కుతుంది. కానీ ఆ వాయువు మామూలు రబ్బరు ట్యూబులోంచి త్వరగా జారిపోతుంది, ఇంటికొచ్చాక దాన్ని వదిలేసి మామూలు గాలి కొట్టుకోవాలి.

ఇప్పుడు ఖర్చు. హాబీ ఖర్చంటే అందరూ సైకిల్ ధరే చెబుతారు. సైకిల్ ఒకసారి కొనేది. అరిగిపోయే వస్తువులు మాత్రం కిలోమీటర్ల చొప్పున బిల్లు వేస్తూనే ఉంటాయి. వాటిలో మొదటిది టైరు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ, తొక్కే బలమూ దాని మీదే, కాబట్టి ముందు టైరుకు రెట్టింపు వేగంతో అరుగుతుంది. ఈ టైరు వెనక 5,000 కి.మీ., ముందు 10,000 కి.మీ. వస్తుందనుకుందాం. మనిషి బరువును బట్టి, రోడ్డు గరుకును బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది, అయినా లెక్కకు పనికొస్తుంది. 10,000 కి.మీ. తిరిగేసరికి వెనకకు రెండు, ముందుకు ఒకటి, మొత్తం మూడు టైర్లు.

ముందు టైరును వెనకకు మార్చి, కొత్తది ముందు వేసుకుంటూ పోతే ఖర్చు తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. అలా మారుస్తూ పోతే ఒక్కో టైరు ముందు 3,333 కి.మీ., వెనక 3,333 కి.మీ. నడిచి అయిపోతుంది. అంటే 3,333 కి.మీ.కి ఒక కొత్త టైరు, 10,000కి మళ్లీ మూడే. అరిగే రబ్బరు ఎటైనా అంతే కదా. మార్చడంలో లాభం వేరే ఉంది: ఎప్పుడూ తాజా టైరు ముందు ఉంటుంది. ముందు టైరు జారితే పడటం తప్ప దారి లేదు, వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. అందుకే అరిగిన టైరును వెనక నుంచి ముందుకు ఎప్పుడూ వేయకూడదు.

అదే కంపెనీ గేటర్‌స్కిన్‌ను వెనకకు వేస్తే లెక్క మారుతుంది. అది 3/180, అంటే 60 దారాల గుడ్డ మూడు పొరలు. నేత ముతక, రబ్బరు గట్టిది, సైడ్ వాల్ మీద గోధుమరంగు జాలీ గుడ్డ అదనం. వెనక చక్రం మీద 7,000 కి.మీ. వస్తుందనుకోండి. గ్రాండ్ ప్రి ధర 100 అయితే దీని ధర 80 అనుకుందాం. మూడూ గ్రాండ్ ప్రిలైతే 10,000 కి.మీ.కి ఖర్చు 300. ముందు గ్రాండ్ ప్రి, వెనక గేటర్‌స్కిన్ అయితే 100కి తోడు సుమారు 114, మొత్తం 214. మీకు దొరికిన ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి, తేడా మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. పంక్చర్ల ట్యూబులు ఇందులో కలపలేదు.

దీనికి బదులు పోయేది వేగం. వెనక ఒక్క టైరు మార్చినందుకు ఆరు వాట్లు ఎక్కువ పడుతుందనుకుంటే, 150 వాట్లతో 30 కి.మీ. వేగంతో పోయేవాళ్లకు 100 కి.మీ.కి మూడు నిమిషాలు ఆలస్యం. ఒక్క పంక్చర్ వేసుకోవడానికి చెయ్యి తిరిగినవాళ్లకే పది నిమిషాలు పడుతుంది. రేసుకైతే మూడు నిమిషాలు చాలా పెద్ద మాట, హైవే మీద పొద్దున్నే వంద కొట్టి వచ్చేవాళ్లకు కాదు. కానీ గేటర్‌స్కిన్‌ను ముందుకు మాత్రం వద్దు. తడి రోడ్డు మీద, ముఖ్యంగా పెయింట్ గీతల మీద, దాని పట్టు నమ్మదగ్గది కాదు. పంక్చర్లంటేనే విసుగెత్తినవాళ్లకు ష్వాల్బే మారథాన్ ప్లస్ ఉంది. రబ్బరు కింద 5 మి.మీ. మందం మెత్తటి పొర ఉంటుంది, తీగ పొడవు అంతకన్నా తక్కువ కాబట్టి ట్యూబు దాకా చేరదు. బరువు ఒక్కోటీ అర కిలో దాటుతుంది, ఎక్కడాల్లో ఆ బరువు కాళ్లకు తెలుస్తుంది.

టైరు తర్వాతి బిల్లు చైనుది. అది సాగినా వాడుతూ పోతే క్యాసెట్‌ను (వెనక చక్రం మీది గేర్ల పళ్ల చక్రాల గుత్తిని) కూడా తినేస్తుంది, క్యాసెట్ చైను కన్నా ఖరీదు. స్టీలు స్కేలుతో పిన్ను నుంచి పిన్నుకు 24 లింకులు కొలవండి. కొత్తదానికి 304.8 మి.మీ. ఉంటుంది. 11, 12 స్పీడ్ (వెనక అన్ని గేర్లున్న) చైను 306.3 దాటితే, అంటే అర శాతం సాగితే, మార్చేయడమే చవక.

గాలి విషయానికొస్తే, సైడ్ వాల్ మీద ముద్రించిన గరిష్ఠ ప్రెజరు అంత కొట్టాలని కాదు, అంతకు మించొద్దని. 28 మి.మీ. టైరుకు మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలుంటే వెనక 75, ముందు 70 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టొచ్చు. గరుకు తారు మీద చేతులు తిమ్మిరెక్కుతుంటే ఇంకో మూడు నాలుగు తగ్గించి చూడండి. రిమ్ము తగిలేంత మాత్రం తగ్గించొద్దు.

కొత్తలో ఈ టైరు ఎక్కించడం బిగుతుగా ఉంటుంది. వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి రెండు చేతులా చుట్టూ జరుపుకుంటూ వచ్చి వాల్వు దగ్గర ముగించాలి. జరిపేటప్పుడే టైరు అంచును రిమ్ము మధ్యలోని పల్లంలోకి నొక్కుతూ పోతే చివర్లో కాస్త వదులు దొరుకుతుంది. చివరి బెత్తెడు దగ్గర లివరు వాడితే ట్యూబు నలిగి కొత్త టైరుకే పంక్చర్ పడుతుంది. అరచేతి మడమతో తోయండి, వాల్వును పైకి ఒకసారి నొక్కి వదలండి, ట్యూబు ఎక్కడైనా టైరు అంచు కింద ఇరుక్కుందేమో చుట్టూ చూసి అప్పుడు గాలి కొట్టండి.

ఎప్పుడు మార్చాలో టైరే చెబుతుంది. నేలకు తగిలే భాగంలో రెండు చిన్న గుంటలుంటాయి, అవి అరిగి కనిపించకుండా పోతే మార్చాలి. గుంటలు ఇంకా ఉన్నా లోపలి గుడ్డ కనిపించే గాటు పడితే అప్పుడే మార్చాలి.

కొనేముందు రెండు చూసుకోండి. వెడల్పు రిమ్ముల మీద ఈ 28 కొలిస్తే 29, 30 దాకా వస్తుంది, ఫ్రేముకూ బ్రేకుకూ మధ్య కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. పాత కాలిపర్ బ్రేకులున్న సైకిళ్లలో చాలావాటికి మిగలదు, వాటికి 25 తీసుకోవాలి. రెండోది, రిమ్ము హుక్‌లెస్ అయితే, అంటే టైరు అంచును పట్టుకునే కొక్కెం లోపల లేకపోతే, ఈ ట్యూబు రకాన్ని అసలు వేయకూడదు, దానికి హుక్‌లెస్ అనుమతి ఉన్న ఎస్ టీఆర్ లాంటి ట్యూబ్‌లెస్ రకం కావాలి. రిమ్ము ఏ రకమో తెలియకపోతే దాని మీది అక్షరాలు చదివి, తయారీదారు పట్టికలో చూసుకున్నాకే డబ్బు కట్టండి.