సొంతంగా కట్టుకున్న విమానానికి వైరింగ్ సామాను: ఆరేళ్ల వాడకం తర్వాత

రెండు సీట్ల విమానం కట్టుకుని, దాని వైరింగ్ కూడా నేనే చేసుకున్నాను. ఎగరడం మొదలై ఆరేళ్లయింది, 400 గంటలు దాటాయి. మొన్న వార్షిక తనిఖీలో ప్యానెల్ కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని, అప్పటి నా పనిని నేనే చూసుకున్నాను. ఏ సామానుకి పెట్టిన డబ్బు గిట్టిందో, ఏది దండగైందో అక్కడ బాగా తెలిసింది. వైరు ఎంచుకునేటప్పుడు పడ్డ టెన్షన్‌లో సగమైనా పనిముట్లు కొనేటప్పుడు పడి ఉండాల్సింది.

వైరు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. వేడికి ఓర్చే టెఫ్‌జెల్ అనే ప్లాస్టిక్ తొడుగున్న, మిలిటరీ ప్రమాణంలో 22759/16 రకం తీసుకోండి. తగరం పూత ఉన్న రాగి, 22 గేజ్‌లో (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం) 19 సన్నని పోగులు, 600 వోల్టుల రేటింగ్, 150 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. మామూలు పీవీసీ వైరు చవకే, మెత్తగా వంగుతుంది కూడా. కానీ అది కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. గాల్లో ఉండగా ఆ పొగ నుంచి ఎక్కడికి పారిపోతాం? తుక్కు ముక్కలకి కాలిన సోల్డరింగ్ ఐరన్ ఆనించి చూశాను. పీవీసీ వెంటనే కరిగి రాగి బయటపడింది, టెఫ్‌జెల్ కాసేపు ఓర్చుకుంది. ఇక నేను చేసిన పొరపాటల్లా 18 గేజ్ ఎక్కువ కొని, 22 తక్కువ కొనడం. ఏ వైరుకి ఎంత బ్రేకర్ పెట్టాలో చెప్పే పట్టికలో 22 గేజ్‌కి 5 ఆంపియర్లు, 20కి 7.5, 18కి 10 అని ఉంటుంది. విమానంలో ఎక్కువ పరికరాలకి ఆ మొదటిదే సరిపోతుంది. నా 18 గేజ్ చుట్ట సగం ఇంకా అటక మీదే ఉంది.

వైరు తొడుగు ఊడదీసే స్ట్రిప్పర్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. టెఫ్‌జెల్ నున్నగా, గట్టిగా ఉంటుంది. గేజ్ దానంతటదే సర్దుకుంటుందని చెప్పి అమ్మే స్ట్రిప్పర్ దాన్ని పట్టుకోలేక జారేది. గట్టిగా బిగిస్తే తొడుగుతో పాటు పోగులూ తెగేవి. భూతద్దం కింద పెట్టి చూస్తే 19 పోగుల్లో రెండు మూడు లేవు! గాటు పడ్డ పోగు ఇవాళ బాగానే ఉంటుంది, ఇంజిన్ అదురుకి ఎప్పుడో విరుగుతుంది. చివరికి ఒక్కో గేజ్‌కి ఒక్కో గుండ్రటి రంధ్రం ఉండి, టెఫ్‌జెల్ కోసమే చేసిన బ్లేళ్లున్నది కొన్నాను. ధర మొదటిదానికి నాలుగింతలు. తొడుగు ఉంగరంలా శుభ్రంగా ఊడి వస్తుంది. ఆరేళ్లలో బ్లేళ్లు ఒక్కసారే మార్చాను. ఒక్క పనిముట్టుకే డబ్బుంటే అది ఇదే కొనండి.

వైరు కొసకి లోహపు టెర్మినల్‌ని నొక్కి బిగించే క్రింపర్ కథ ఇంకా సిగ్గుచేటు. కారు పనుల కోసం కొన్న చవక కిట్‌లోని, పట్టకారులాంటి క్రింపర్‌తోనే మొదట్లో టెర్మినళ్లు నొక్కాను. నలభై గంటలు ఎగిరాక ల్యాండింగ్ లైటు వెలిగి ఆరడం మొదలైంది. విప్పి చూద్దామని వైరు పట్టుకుంటే టెర్మినల్ అక్కడే ఉండిపోయి వైరు చేతిలోకి వచ్చింది. ఆ వారమంతా ముప్పైకి పైగా టెర్మినళ్లు కోసి మళ్లీ వేశాను. ఇప్పుడు వాడేది రాట్చెట్ క్రింపర్. పూర్తిగా నొక్కేదాకా అది వదలదు కాబట్టి చెయ్యి అలసినా పని ఒకేలా వస్తుంది. టెర్మినళ్లలో పీఐడీజీ రకానివి మేలు. వాటిలో నైలాన్ కింద ఉండే రాగి తొడుగు వైరు ఇన్సులేషన్‌ని కూడా పట్టుకుంటుంది, అదురు నేరుగా పోగుల మీద పడదు. ఎరుపు 22 నుంచి 16 గేజ్‌కి, నీలం 16-14కి, పసుపు 12-10కి. కొత్త పనిముట్టు చేతికి రాగానే తుక్కు వైరు మీద నాలుగైదు నొక్కి, స్ప్రింగు త్రాసుకి తగిలించి లాగండి. 22 గేజ్ కనీసం 15 పౌండ్లు, అంటే దాదాపు ఏడు కిలోలు ఆగాలి. టంకం వేస్తే గట్టిగా ఉంటుందనుకునేవాళ్లకి ఒక మాట: టంకం పోగుల మధ్య పైకి పాకి వైరుని కడ్డీలా చేస్తుంది, ఆ కడ్డీ ఆగిన చోటే విరుగుతుంది.

పరికరాల వెనక వరసగా పిన్నులుండే డీ-సబ్ కనెక్టర్లలోని పిన్నులకి నాలుగు వైపులా నొక్కే క్రింపర్ వేరే కావాలి. మిలిటరీ రకం ధర చూసి వెనక్కి తగ్గి చవకది తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అది బాగానే పనిచేసింది, ఒక్క పిన్ను ఊడలేదు. పిన్ను తీసే ప్లాస్టిక్ పుల్ల మాత్రం ఇట్టే విరిగిపోతుంది, ఒకేసారి అరడజను కొనుక్కోండి.

యాంటెన్నా వైరు ఆర్‌జీ-400. పై తొడుగు కింద రెండు పొరల లోహపు అల్లిక (షీల్డు) ఉంటుంది, ఇంతవరకు దాని జోలికి వెళ్లే పని పడలేదు.

వైర్లు కట్టడానికి మొదట అంతటా జిప్ టైలే వేశాను. కోసిన కొసలు కత్తుల్లా ఉంటాయి. ప్రతి తనిఖీకి ముంజేతుల మీద పిల్లి రక్కినట్టు గీతలు. ఇంజిన్ వైపు ఎగ్జాస్ట్ దగ్గర ఉన్నవైతే పెళుసెక్కి ముట్టుకుంటే రాలాయి. ఇప్పుడు లోపలంతా మైనం పట్టించిన లేసింగ్ దారమే. ముడి నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఇంజిన్ వైపు రబ్బరు మెత్త ఉన్న ఎడెల్ క్లాంపులు పెట్టాను. పనితనానికి వంక లేదు గానీ, ఆ ఇరుకులో స్క్రూ బిగించాలంటే మాత్రం మూడో చెయ్యి కావాలి. ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే ఫైర్‌వాల్‌లో వైర్లు దాటే చోట పెట్టిన రబ్బరు రింగు (గ్రోమెట్) మూడేళ్లకే ఎండి పగిలింది. నిజానికి మంట అడ్డుకోవాల్సిన గోడలో రబ్బరు పెట్టడమే తప్పు. దాని బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం బిగించి, దానికి మంటకి ఓర్చే ఫైర్ స్లీవ్ తొడిగాను.

అన్నిటికంటే చవకైనదే అన్నిటికంటే ఎక్కువ ఆదుకుంది. వైరంతా తెల్లదే కొన్నాను కాబట్టి ప్రతి వైరుకి రెండు కొసలా పేరు ముద్రించి, పైన వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే పారదర్శకమైన గొట్టం (హీట్ ష్రింక్) వేశాను. ఒక్క అక్షరం చెరగలేదు. డ్రాయింగ్ తెరవకుండానే సగం పని అయిపోతోంది.

సరిదిద్దుకోలేనిది ఒకటి మిగిలింది. బరువు కలిసొస్తుందని రేడియో వెనక వైర్లు కొలతకి సరిగ్గా కోశాను. ఇప్పుడు రేడియో జానెడు కూడా బయటికి రాదు, వెనక కనెక్టర్ తీయాలంటే సీటు విప్పి కిందనుంచి దూరాలి. ఆ కట్ట మొత్తం తీసేసి మళ్లీ వేయడానికి 22 గేజ్ వైరు తెప్పించాను. ఈసారి ఒక్కోటి మూర పొడవు ఎక్కువే వదులుతాను.