పారా ఎస్‌ఎఫ్‌కి జవానుగా వెళ్లాలా, ఆఫీసరుగా వెళ్లాలా: ఏది మేలు?

మెరూన్ టోపీ, ఛాతీ మీద బలిదాన్ బ్యాడ్జీ చూసి ఆర్మీ వారి పారా స్పెషల్ ఫోర్సెస్ (పారా ఎస్‌ఎఫ్) మీద మనసు పారేసుకున్న ఇంటర్ కుర్రాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లు ముందుగా అడిగేది పారా ఎస్‌ఎఫ్ గొప్పదా, మార్కోస్ గొప్పదా, గరుడ్ గొప్పదా అని. నా దృష్టిలో అది తర్వాత చూసుకోవాల్సిన సంగతి. జవానుగా చేరాలా, ఆఫీసరుగా చేరాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఏ దళంలోకి వెళ్లినా ఆ తేడా రిటైరయ్యేదాకా వెంటే ఉంటుంది.

దళాల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నీళ్లంటే ఇష్టం, ఈత బాగా వచ్చు అంటే 1987లో మొదలైన నేవీ వారి మార్కోస్. వాళ్ల స్థావరం ఐఎన్‌ఎస్ కర్ణ మన విశాఖ దగ్గరే ఉంది. ఎయిర్‌ఫోర్స్ వైపు మొగ్గు ఉంటే 2004లో పుట్టిన గరుడ్. ఆర్మీలో అయితే పారా ఎస్‌ఎఫ్ ఒక్కటే కాదు, ప్రతి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కీ ఘాతక్ ప్లాటూన్ అని ముందుండి దాడి చేసే ఒక చిన్న దళం ఉంటుంది. 1999లో టైగర్ హిల్ మీద పరమవీర చక్ర సాధించిన యోగేంద్ర సింగ్ యాదవ్ 18 గ్రెనేడియర్స్ ఘాతక్ ప్లాటూన్‌లోని కుర్రాడే. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు. పారా ఎస్‌ఎఫ్ రాకపోతే జీవితం అయిపోయిందనుకునేవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు పోలిక. పారా ఎస్‌ఎఫ్ ప్రొబేషన్‌లో, అంటే దళంలోకి తీసుకునే ముందు పరీక్షించే కాలంలో, జవానుకీ ఆఫీసరుకీ పరీక్ష ఒక్కటే. అదే బరువు, అదే నిద్రలేమి, 40 కిలోమీటర్ల దాకా సాగే అవే స్పీడ్ మార్చ్‌లు. తట్టుకోలేనివాళ్లను, భుజం మీద స్టార్లున్నా లేకున్నా, వేరే యూనిట్‌కి పంపేస్తారు. నిలబడ్డవాళ్ల విషయంలోనూ అంతే. 9 పారా ఎస్‌ఎఫ్ బెటాలియన్‌లో అశోక చక్ర అందుకున్నవాళ్లను చూడండి: మేజర్ సుధీర్ కుమార్ వాలియా, కెప్టెన్ అరుణ్ సింగ్ జస్రోటియా, లాన్స్ నాయక్ మోహన్ నాథ్ గోస్వామి, పారాట్రూపర్ సంజోగ్ ఛెత్రి. నలుగురికీ మరణానంతరమే వచ్చింది. మేజర్ నుంచి మామూలు పారాట్రూపర్ దాకా అందరూ ఉన్నారు అందులో. కాబట్టి ఆఫీసరైతే ప్రమాదం తక్కువని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ దళంలో అది నిజం కాదని చెప్పండి.

తేడా అంతా పనిలోనూ, ఆదేశంలోనూ ఉంది.

ముందు పని సంగతి. ఈ దళం చేసే రెక్కీ అంటే ప్రధానంగా కాల్పులు కాదు. రోజుల తరబడి ఎవరి కంటా పడకుండా పొంచి ఉండి, అవతల ఎంతమంది ఉన్నారు, ఏ దారిన వస్తున్నారు, కాపలా ఎప్పుడు మారుతోంది అన్నది చూసి, ప్రాణాలతో తిరిగొచ్చి చెప్పడం. ఆ విద్యలో ఆరితేరేది ఎక్కువగా జవానే. స్నైపరుగానో, రేడియో మనిషిగానో, పేలుడు పదార్థాల పని తెలిసినవాడిగానో ఏళ్ల తరబడి అదే యూనిట్‌లో అదే పని చేసి హవల్దారు, సుబేదారు అవుతాడు. ఆఫీసరు కెప్టెన్‌గా, మేజర్‌గా ఉన్నన్నాళ్లే జట్టుతో కలిసి అడవిలో తిరుగుతాడు. ఆ తర్వాత స్టాఫ్ పోస్టింగులు, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, కార్యాలయాలు, మ్యాపులు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ కూడా ఇరవై ఏళ్ల సర్వీసున్న జేసీఓని (సుబేదారు లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుని) 'సుబేదార్ సాబ్' అనే పిలుస్తాడు. సెల్యూట్ కొట్టేది సుబేదారే అయినా, ఆ కొండ గురించి తెలిసింది కూడా సుబేదారుకే.

ఇప్పుడు ఆదేశం సంగతి. దీని గురించి రిక్రూట్‌మెంట్ కోచింగుల్లో పెద్దగా చెప్పరు. 1950 నాటి ఆర్మీ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, పై అధికారి స్వయంగా ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కారంతో తోసిపుచ్చితే 14 ఏళ్ల దాకా జైలు. ధిక్కారం లేకుండా పాటించకపోయినా, యాక్టివ్ సర్వీసులో (శత్రువుతో తలపడే విధుల్లాంటి వాటిలో) ఉంటే 14 ఏళ్ల దాకా, లేకపోతే 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. 'పై అధికారి' అంటే ఆఫీసరు మాత్రమే కాదు, జేసీఓలూ, నాయక్, హవల్దారు లాంటి ఎన్‌సీఓలూ వస్తారు. అంటే కొత్త జవానుకి తన జట్టులోని నాయక్ మాట కూడా ఆదేశమే. ఆఫీసరు కూడా ఇదే సెక్షన్ కింద ఉంటాడు. కానీ అతని మీద ఉన్నవాళ్లు తక్కువ, అతని మాట మీద నడిచేవాళ్లు ఎక్కువ.

ఆ సెక్షన్‌లో 'చట్టబద్ధమైన' అన్న షరతు ఊరికే పెట్టలేదు. నిరాయుధుణ్ణి పట్టుకున్నాక కాల్చెయ్ అంటే అది చట్టబద్ధమైన ఆదేశం కాదు. ఎవరు చెప్పినా కాదు. భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: పై అధికారి ఆదేశంతో గుంపు మీద సైనికుడు కాల్పులు జరిపితే అది నేరం కాదు, అయితే అది చట్టం చెప్పినదానికి లోబడి ఉండాలి. రక్షణ ఆ చివరి మాటలోనే ఉంది.

చీకట్లో, అరకొర సమాచారంతో పనిచేసే దళానికి ఇది ఎంత బరువో ఓటింగ్ అనే ఊళ్లో జరిగింది చూస్తే అర్థమవుతుంది. 2021 డిసెంబర్ 4న నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో, బొగ్గు గని నుంచి ఇంటికి వెళ్తున్న కూలీల వాహనాన్ని తీవ్రవాదులదనుకుని 21 పారా ఎస్‌ఎఫ్ జట్టు కాల్చింది. ఆరుగురు కూలీలు చనిపోయారు. తర్వాత చెలరేగిన గొడవల్లో మరికొందరు గ్రామస్థులు, ఒక జవాను ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక మేజర్‌తో సహా 30 మంది మీద రాష్ట్ర పోలీసులు చార్జిషీటు వేశారు. కేంద్రం విచారణకు అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసులను మూసేస్తూ, అనుమతి వస్తే మళ్లీ నడపొచ్చని చెప్పింది. మేజరూ జవాన్లూ ఒకే చార్జిషీటులో ఉన్నారు. ఆ కూలీల ఇళ్లలో ఏం మిగిలిందో ఆలోచించకుండా ఎవరూ ఈ దళంలోకి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇలాంటి చోట ఆఫీసరు దగ్గర ఒకటుంది, జవాను దగ్గర లేదు. వచ్చిన సమాచారాన్ని ప్రశ్నించే అవకాశం, ఆపరేషన్‌ని ఒక గంట ఆపమనే అధికారం. జవాను చెప్పగలడు, చెప్పాలి కూడా, మంచి జట్టులో వింటారు. కానీ నిర్ణయం అతనిది కాదు. ఆ నిర్ణయం తీసుకునే ధైర్యం, తప్పయితే నలుగురి ముందు మోసే ధైర్యం ఉన్నవాడు ఆఫీసరు దారి చూసుకోవాలి. సెల్యూట్ల కోసం, పెళ్లి సంబంధాల కోసం మాత్రం ఆ దారి వద్దు. అలాంటి ఆఫీసరు కింద పనిచేసే జవాన్లకి అది చాలా అన్యాయం.

డబ్బు, భద్రత లెక్కలో మాత్రం రెండూ పక్కపక్కన పెట్టే స్థితిలో లేవు. జవాను దారి 2022 నుంచి అగ్నివీర్ దారే: నాలుగేళ్లు, మొదటి ఏడాది నెలకు 30,000, అందులో చేతికొచ్చేది 21,000. చివర్లో 25 శాతం దాకానే రెగ్యులర్ చేస్తారు, మిగతావాళ్లకు పెన్షన్ లేదు. రెక్కీలో పదును రావడానికే నాలుగేళ్లు పడుతుంది. లెఫ్టినెంట్‌కి మూల వేతనమే 56,100. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) నుంచి వస్తే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం.

మనవాళ్లు రెండు దారుల్లోనూ నడిచారు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలానికి చెందిన సాయితేజ జవానుగా చేరి 11 పారా ఎస్‌ఎఫ్‌లో లాన్స్ నాయక్ అయ్యారు. 2021లో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. పారా మనిషి కాకపోయినా, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి ఎన్‌డీఏ మీదుగా 16 బిహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసరై, 2020లో గల్వాన్‌లో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణమిచ్చారు.

నా తీర్పు: వయసున్నంతవరకు ముందు ఆఫీసరు దారే ప్రయత్నించాలి. అది జవాను కన్నా గొప్పదని కాదు, వయసు లెక్క అలా ఉంది కాబట్టి. ఎన్‌డీఏకి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. అగ్నివీర్‌కి పదిహేడున్నర నుంచి 21. డిగ్రీ ఉంటే సీడీఎస్ పరీక్ష ద్వారా ఐఎంఏకి (ఇండియన్ మిలిటరీ అకాడమీకి) 24 దాకా. ఎన్‌డీఏ తప్పినా అగ్నివీర్‌కి ఇంకా ఏడాదిన్నర మిగిలే ఉంటుంది. చదువు మీద ఇష్టం లేక కాదు, నిజంగానే స్నైపరో స్కౌటో అయి ఆ పనిలోనే బతకాలనుకునేవాడికి మాత్రం నేను జవాను దారే చెబుతాను. అలాంటివాడు డిగ్రీ దూరవిద్యలో పెట్టుకుని, నాలుగేళ్ల తర్వాత తిరిగి రావాల్సి వస్తే ఏం చేయాలో ఇంట్లో ముందే మాట్లాడుకుని, గుంటూరు, విశాఖ, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసుల నోటిఫికేషన్లు చూసుకుంటూ ఉండాలి. రెగ్యులర్ అయ్యాక 27 ఏళ్లలోపు ఆర్మీ కేడెట్ కాలేజీకి రాసి ఆఫీసరు కావచ్చు. ఇంటర్ పాసై ఉండాలి.